ఓర్వకల్లులో ఎక్కాలా, శంషాబాద్ పోవాలా? వీల్‌చైర్‌తో విమానం ఎక్కేవాళ్ల కోసం

మా తమ్ముడికి ఏడేళ్ల కిందట నంద్యాల రోడ్డులో బైక్ యాక్సిడెంట్ అయింది. వెన్నెముక దెబ్బతింది, నడుము కింద స్పర్శ లేదు. అప్పటి నుంచి వాడి ప్రయాణాలన్నీ నేనే చూసుకుంటున్నాను. విమానం టికెట్ అనగానే చుట్టాలందరూ ముందు రేటు అడుగుతారు, తర్వాత టైమ్ అడుగుతారు. నేను మాత్రం ఒక్కటే లెక్క వేస్తాను. ఈ ప్రయాణంలో వాణ్ణి ఎన్నిసార్లు ఎత్తాలి?

ఫిజియో డాక్టర్ దీన్ని ట్రాన్స్‌ఫర్ అంటాడు. మా ఇంట్లో ఎత్తుడు అంటాం. ఎత్తిన ప్రతిసారీ ఒక రిస్కు ఉంటుంది. చర్మం ఎక్కడో ఒరుసుకుంటుంది, చెయ్యి జారుతుంది, యూరిన్ బ్యాగు ట్యూబు దేనికో తగులుకుంటుంది. స్పర్శ లేదు కాబట్టి వాడికి నొప్పి తెలియదు. రాత్రి ఇంటికొచ్చి చూస్తే ఎర్రటి మచ్చ. అది పుండుగా మారితే నెలన్నర మంచానికే. అందుకే టికెట్ మీద వెయ్యి రూపాయలు మిగలడం కన్నా రెండు ఎత్తుళ్లు తగ్గడం మాకు ఎక్కువ.

లెక్క ఇలా ఉంటుంది. ఇంటి దగ్గర కుర్చీ నుంచి కారులోకి ఒకటి. ఎయిర్‌పోర్టులో కారు నుంచి కుర్చీలోకి రెండు. విమానం తలుపు దగ్గర సొంత కుర్చీ నుంచి, సీట్ల మధ్య దారిలో పట్టే సన్నటి ఐల్ చైర్‌లోకి మూడు. ఐల్ చైర్ నుంచి సీటులోకి నాలుగు. దిగేటప్పుడు మళ్లీ నాలుగు. మొత్తం ఎనిమిది. ఇది అన్నీ సరిగా జరిగితేనే. చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే సొంత కుర్చీ తీసేసుకుని ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చోబెడితే అటొకటి, ఇటొకటి పెరిగి పది అవుతుంది. మధ్యలో విమానం మారాల్సి వస్తే ఇంకో నాలుగు. అంటే నేరుగా వెళ్లే విమానానికీ మారి వెళ్లే విమానానికీ ఉన్న తేడా రేటులో కనిపించేంత చిన్నది కాదు.

చట్టం విషయంలో మాత్రం ఏ ఎయిర్‌లైన్ అయినా ఒకటే. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే చాలామంది "ఫలానా కంపెనీలో వీల్‌చైర్ ఫ్రీ అంట" అని దాన్ని చూసి ఎంచుకుంటారు. మన దేశంలో విమానం నడిపే ప్రతి కంపెనీ, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనలకు లోబడాలి. వీల్‌చైర్‌కు, తోసే మనిషికి పైసా తీసుకోకూడదు. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో "ఎక్కించుకోం" అనకూడదు. ఆరోగ్యం నిలకడగా ఉన్న మనిషిని, వీల్‌చైర్‌లో ఉన్నాడు కదా అని డాక్టర్ సర్టిఫికెట్ అడగకూడదు. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, ఆక్సిజన్ కావాల్సినవాళ్లు, స్ట్రెచర్ మీద వెళ్లేవాళ్లు, అంటువ్యాధి ఉన్నవాళ్ల విషయంలో అడగొచ్చు. వాడుకునే పరికరాలను మామూలు లగేజీకి అదనంగా 15 కిలోల దాకా ఉచితంగా తీసుకెళ్లనివ్వాలి. మన వైపు నుంచి చేయాల్సింది, బయల్దేరడానికి కనీసం 48 గంటల ముందు చెప్పడం.

ఈ హక్కులు ఊరికే రాలేదు. 2012లో కోల్‌కతాలో సెరిబ్రల్ పాల్సీ (కండరాల కదలిక మీద పట్టు తప్పే మెదడు లోపం) ఉన్న జీజా ఘోష్‌ను స్పైస్‌జెట్ విమానంలోంచి దించేశారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో కోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. 2022 మే నెలలో రాంచీ నుంచి హైదరాబాద్ రావాల్సిన, వైకల్యం ఉన్న ఒక పిల్లవాణ్ణి భయపడి ఉన్నాడన్న కారణంతో ఇండిగో ఎక్కించుకోలేదు. డీజీసీఏ 5 లక్షల జరిమానా వేసింది. అదే ఏడాది నిబంధన కూడా మార్చింది. గాల్లో ఆరోగ్యం పాడవుతుందని కంపెనీకి అనుమానం వస్తే సిబ్బంది సొంతంగా తేల్చేయకూడదు, ఎయిర్‌పోర్టులోనే డాక్టర్‌కు చూపించి ఆ అభిప్రాయం తీసుకున్నాకే నిర్ణయించాలి. కౌంటర్ దగ్గర ఎవరైనా "కష్టం మేడం" అంటే నేను గొంతు పెంచను. "డాక్టర్‌ను పిలవండి, రాసి ఇవ్వమనండి" అంటాను. ఆ మాటతో ఎదుటివాళ్ల తీరు మారడం రెండుసార్లు చూశాను.

ఇంకొకటి మనసులో పెట్టుకోండి. 2024 ఫిబ్రవరిలో ముంబైలో 80 ఏళ్ల పెద్దాయన ఎయిర్ ఇండియా విమానం దిగాడు. భార్యాభర్తలిద్దరికీ వీల్‌చైర్ అడిగి ఉన్నా ఒక్కటే దొరికింది. ఆమెను కూర్చోబెట్టి ఆయన పక్కన నడుస్తూ కుప్పకూలి చనిపోయాడు. కంపెనీకి 30 లక్షల జరిమానా పడింది, కానీ మనిషి తిరిగి రాలేదు. అమ్మానాన్నలను పంపేటప్పుడు ఇద్దరి పేర్ల మీదా విడివిడిగా వీల్‌చైర్ నమోదు చేయించండి. రెండోది రాలేదంటే వచ్చేదాకా కూర్చోమని వాళ్లకు గట్టిగా చెప్పి పంపండి. మన పెద్దవాళ్లు "ఏం కాదులే అప్పా, నడుస్తా" అనే రకం.

చట్టం ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ వస్తుంది? విమానం రకంలో, అది ఎక్కడ ఆగుతుందన్న దాంట్లో, కుర్చీని ఎలా పట్టుకుంటారన్న దాంట్లో. పోల్చాల్సింది ఆ మూడింటినే.

ముందు మన ఊళ్ల సంగతి. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021 మార్చిలో మొదలైంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఇండిగో మొదట బెంగళూరు, చెన్నై, వైజాగ్‌లకు నడిపింది. విజయవాడ 2025 జులైలో వచ్చింది. కడపలో కూడా 2022 నుంచి ఇండిగోనే. ఈ రూట్లు, వారాలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజు చూసుకోవాలి. రెండు చోట్లా వచ్చేది ఏటీఆర్ అనే, రెక్కలకు పంకాలు తిరిగే చిన్న విమానం, 78 సీట్లది. అనంతపురంలో మామూలు విమానాలే లేవు. అక్కడివాళ్లకు బెంగళూరే దిక్కు.

కర్నూలు నుంచి ఓర్వకల్లు అరగంట. శంషాబాద్ 44వ నంబర్ హైవే మీద దాదాపు 200 కిలోమీటర్లు, టోల్‌గేట్లు, టిఫిన్ కలిపి మూడున్నర గంటలు. ఇంతవరకు చూస్తే ఓర్వకల్లే అనిపిస్తుంది. మా తమ్ముడికి కారులో మూడున్నర గంటలంటే సీటు మీద ఒత్తిడి, మధ్యలో యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం, దాబాలో బాత్‌రూమ్ తలుపు కుర్చీకి పట్టకపోవడం. చిన్న ఎయిర్‌పోర్టులో ఇంకో సుఖం ఉంది. కారు దిగిన చోటి నుంచి విమానం దాకా దూరం చాలా తక్కువ. వరసలు ఉండవు. సిబ్బంది కొద్దిమందే, రెండోసారి వెళ్తే ముఖం గుర్తుపడతారు.

కానీ ఏటీఆర్‌కు ఏరోబ్రిడ్జి, అంటే టెర్మినల్ నుంచి నేరుగా విమానం తలుపులోకి వెళ్లే వంతెన, ఉండదు. నేల మీద నడిచి వెళ్లి ఎక్కాలి. తలుపులోనే మడత మెట్లు ఉంటాయి. మెట్లు తక్కువే కానీ సన్నం. కాలికి కట్టే కాలిపర్ పట్టీ వేసుకుని, చంకకర్రతో నడిచే పోలియో మనిషి పక్క కడ్డీ పట్టుకుని మెల్లగా ఎక్కేస్తాడు. అసలు నడవలేని మనిషిని మాత్రం ఐల్ చైర్‌లో కట్టి ఇద్దరు మోయాలి, లేదా ర్యాంపు పెట్టాలి. ర్యాంపు ఆ రోజు ఆ ఎయిర్‌పోర్టులో పనిచేస్తూ ఉందా అన్నది ఫోన్ చేసి అడగాలి. "అన్నీ ఉన్నాయి" అంటే సరిపోదు. "నడవలేని ప్యాసింజర్‌ను ఏటీఆర్‌లోకి ఎలా ఎక్కిస్తారు, చెప్పండి" అని అడిగి, ర్యాంపు అన్నారా, మోస్తామన్నారా రాసుకోండి.

ఏటీఆర్ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి. ప్రయాణికులు ఎక్కే తలుపు వెనుక ఉంటుంది. పెద్ద విమానాల అలవాటుతో మొదటి వరస అడిగితే మనిషిని ఆ సన్న దారిలో విమానం పొడవునా తీసుకెళ్లాలి. మేం మొదటిసారి అదే చేశాం. ముందు వరస అయితే కాళ్లకు జాగా ఉంటుందని నేనే పట్టుబట్టి తీసుకున్నాను. ఐల్ చైర్ ఒక్కో సీటు చేతికి తగులుతూ, వాడి మోచేతులను కడుపు మీదికి నొక్కి పట్టుకుని, ముందు ఒకరు, వెనుక ఒకరు అంగుళం అంగుళం జరిపారు. సీట్లలో ఉన్నవాళ్లు మోకాళ్లు ముడుచుకున్నారు. వాడు కళ్లు మూసుకున్నాడు. రెండోసారి వెనుక వరస అడిగాం. తలుపు దాటగానే సీటు, టాయిలెట్ కూడా ఆ పక్కనే. పనంతా రెండు నిమిషాల్లో అయిపోయింది.

బ్యాటరీ వీల్‌చైర్ ఉంటే ఓర్వకల్లు, కడపల విషయంలో నేను వెనకాడతాను. చిన్న విమానంలో సామాను జాగా తక్కువ, అక్కడి తలుపులో పట్టే కొలత కూడా తక్కువ. కుర్చీ ఎత్తు, వెడల్పు, బరువు టేపు పెట్టి కొలిచి చెప్పి, పడుతుందని మెయిల్‌లో రాయించుకోకుండా టికెట్ కొనొద్దు.

ఇక శంషాబాద్, బెంగళూరు. రెండింటికీ ఒక అదృష్టం ఉంది, రెండూ మన వైపునే ఉన్నాయి. కర్నూలు నుంచి వెళ్తే హైదరాబాద్ ట్రాఫిక్‌లోకి దిగకుండానే శంషాబాద్ వస్తుంది. అనంతపురం నుంచి పెనుకొండ, చిక్‌బళ్లాపూర్ మీదుగా వెళ్తే బెంగళూరు ఊళ్లోకి పోకుండానే దేవనహళ్లి ఎయిర్‌పోర్టు. కడపవాళ్లకు రాజంపేట, కోడూరు మీదుగా రేణిగుంట ఇంకో దారి, అక్కడికి ఎయిర్‌బస్‌లు వస్తాయి.

పెద్ద ఎయిర్‌పోర్టు అనగానే ఏరోబ్రిడ్జి ఉంటుందనుకుంటాం. ఉంటుంది, కానీ మన విమానానికే ఇస్తారన్న గ్యారంటీ లేదు. తక్కువ రేటు కంపెనీల విమానాలు చాలాసార్లు దూరంగా నిలబడతాయి, బస్సులో తీసుకెళ్తారు. అప్పుడు అంబులిఫ్ట్ అనే వ్యాన్ కావాలి. దాని డబ్బా మొత్తం తలుపు ఎత్తుకు పైకి లేస్తుంది. లేదంటే ర్యాంపు. ఇండిగో మెట్ల బదులు పొడవాటి ర్యాంపులు వాడడం ఎప్పటి నుంచో ఉంది, ఆ విషయంలో దానికి మంచి మార్కు వేస్తాను. అయితే పెద్ద విమానం ర్యాంపు చాలా పొడవు, మలుపులు తిరుగుతూ పైకి పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద వెళ్లడం పెద్దవాళ్లకు మామూలు విషయం కాదు. వీలైతే తెల్లవారుజామో సాయంత్రమో చూడండి.

ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఇండిగో, ఆకాశా, స్పైస్‌జెట్‌లలో ఏది మంచిదని అడిగేవాళ్లకు నా జవాబు కొంచెం నిరాశగా ఉంటుంది. దేశంలో గంట, రెండు గంటల ప్రయాణానికి కంపెనీ పేరు చూసి ఎంచుకోవడం నేను మానేశాను. వీల్‌చైర్ తోసేది చాలాచోట్ల కాంట్రాక్టు మనుషులు, ఆ రోజు ఎవరు వస్తే వాళ్లే. కంపెనీలో చూడాల్సింది ఫోన్ చేస్తే మనిషి దొరుకుతాడా, చెప్పింది మెయిల్‌లో రాసి పంపుతారా, మారే విమానం కూడా ఒకే టికెట్ మీద ఉందా అన్నవి. ట్రావెల్ వెబ్‌సైట్‌లో, ఏజెంట్ దగ్గర కొన్న టికెట్లలో వీల్‌చైర్ కోరిక కంపెనీ దాకా చేరకపోవడం చూశాను. ఎక్కడ కొన్నా పీఎన్ఆర్ చేతిలోకి రాగానే నేరుగా ఎయిర్‌లైన్‌కే ఫోన్ చేస్తాను. డిస్కౌంట్లు మాత్రం ఆయా కంపెనీల ఇష్టం. వాటికి సదరం వైకల్య సర్టిఫికెట్ లేదా కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీ అడుగుతారు, రెండూ ఫోన్‌లో పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కోడ్. ఈ ఒక్క ముక్క తెలియక సగం కష్టాలు వస్తాయి. వీల్‌చైర్ అడిగినప్పుడు కంపెనీ కంప్యూటర్‌లో మూడు రకాల్లో ఒకటి పడుతుంది. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లు ఎక్కగలడు, సీటు దాకా నడవగలడు, దూరం నడవలేడు. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లు ఎక్కలేడు, విమానం లోపల నాలుగడుగులు వేయగలడు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే అసలు నడవలేడు, సీటు దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టాలి. మొదటిది పడితే కుర్చీతో ఒక్క మనిషి వస్తాడు. మూడోది పడితేనే ఐల్ చైర్, ఇద్దరు మనుషులు, అంబులిఫ్టో ర్యాంపో సిద్ధం చేస్తారు. వెబ్‌సైట్‌లో మొదట కనిపించిన డబ్బా నొక్కేసి నేనొకసారి వాణ్ణి తలుపు దగ్గర ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాను. లోపలున్న జనమంతా మా వైపే చూస్తున్నారు. ఆ ఇరవై నిమిషాలు నేను మర్చిపోలేదు. ఇప్పుడు ఫోన్‌లో "వీల్‌చైర్ కావాలి" అనను, "డబ్ల్యూసీహెచ్‌సీ వేయండి, రానూ పోనూ రెండింటికీ" అంటాను. అటువైపు మనిషి గొంతు వెంటనే సర్దుకుంటుంది.

నడవగలిగే నాన్నకు, ఎయిర్‌పోర్టులో వరస తప్పుతుందని, మూడో కోడ్ వేయించకండి. ఆ ఐల్ చైర్ కోసం ఇంకో తలుపు దగ్గర ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు.

కుర్చీ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మాకు దెబ్బ తగిలింది అక్కడే. కుర్చీ అంటే వాడికి కాళ్లు. సొంత కుర్చీని విమానం తలుపు దాకా వాడుకుంటామని, దిగేటప్పుడు తలుపు దగ్గరే ఇవ్వాలని అడగండి. దానికి వేసే ట్యాగు మీద అలా రాయించండి. ఒకసారి ఒక ఎయిర్‌లైన్‌లో తలుపు దగ్గరికి రాలేదు, బెల్టు మీద పెట్టెల మధ్య వచ్చింది. కుడి ఫుట్‌రెస్ట్ వంగిపోయి, బ్రేకు లాగితే చక్రానికి అందడం లేదు. కౌంటర్‌లో అమ్మాయి "ఇంటికెళ్లి మెయిల్ పెట్టండి సార్" అంది. మా తమ్ముడు "ఇంటికెలా వెళ్లాలమ్మా?" అన్నాడు మెల్లగా. దానికి ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు.

అందుకని ఎయిర్‌పోర్టు దాటకముందే నష్టం రిపోర్టు రాయించాలి. పీఐఆర్ అంటారు, దాని నంబరు తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణంలో అయితే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారం దగ్గర మాత్రం చట్టం మనల్ని నిరాశపరుస్తుంది. వీల్‌చైర్‌ను కూడా మామూలు సూట్‌కేసులాగే లగేజీగా లెక్కిస్తారు. దేశీయ ప్రయాణంలో లగేజీకి గరిష్ఠ బాధ్యత 20 వేల రూపాయలు. అంతర్జాతీయంగా 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క), మన డబ్బులో రెండు లక్షలకు కాస్త తక్కువ. సొంతంగా తోసుకునే, లక్ష దాటిన యాక్టివ్ వీల్‌చైర్ దేశంలో విరిగితే 20 వేలు ఏ మూలకు? విదేశీ ప్రయాణానికైతే చెక్-ఇన్ దగ్గర కుర్చీ విలువ ప్రత్యేకంగా ప్రకటించి ఆ పరిమితి పెంచుకునే వీలు ఒప్పందంలోనే ఉంది. దానికి కంపెనీ అదనపు రుసుము అడగొచ్చు. ఖరీదైన కుర్చీ ఉన్నవాళ్లు ఆ మాట ముందే ఎత్తాలి.

మేం ఇప్పుడు చేసేది చెప్తాను. ట్యాగు వేయకముందు నాలుగు వైపులా ఫోటోలు, ట్యాగు వేశాక ఇంకో రెండు. విడిగా ఊడే ఫుట్‌రెస్టులు, పక్క చేతులు తీసి ఒక గుడ్డ సంచిలో వేసి లోపలికే తీసుకెళ్తాం. జెల్ కుషన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ లగేజీలో వేయం. విమానం సీటు మీద దాన్నే వేసి కూర్చోబెడతాం. అది లేకుండా రెండు గంటలు కూర్చుంటే పుండు ఖాయం. కుర్చీ వీపుకు ఒక అట్ట కట్టాం. ఎక్కడ పట్టుకుని ఎత్తాలి, బ్రేకు ఎక్కడుంది అని ఇంగ్లిష్‌లో, హిందీలో రాసి ప్లాస్టిక్ వేయించాం. లోడింగ్ చేసే పిల్లవాడు తొందరలో ఉంటాడు, వాడికి ఎవరూ నేర్పి ఉండరు. ఆ అట్ట కట్టిన తర్వాత కుర్చీకి గీత కూడా పడలేదు.

బ్యాటరీ కుర్చీలకు ఇంకో పాఠం ఉంది. లిథియం బ్యాటరీ ఊడదీసే రకమైతే తీసి చేతిలో పట్టుకుని లోపలికి తీసుకెళ్లాలి, 300 వాట్-అవర్ల దాకా ఒప్పుకుంటారు. జెల్, డ్రై బ్యాటరీలు సులువు. యాసిడ్ ఒలికే రకం అయితే నిటారుగా పెట్టాలి, చాలా తలనొప్పి. బ్యాటరీ మీదున్న స్టిక్కర్ ఫోటో మెయిల్‌లో ముందే పంపండి. కుర్చీ కొనేవాళ్లకు కూడా ఇదే మాట, విమానంలో తిరిగే ఉద్దేశం ఉంటే ఊడదీసే లిథియం బ్యాటరీ రకం చూసుకోండి.

టాయిలెట్ గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. ఏటీఆర్ ప్రయాణం గంట, గంటన్నర. ఎక్కే ముందు బ్యాగు ఖాళీ చేస్తే దిగేదాకా ఇబ్బంది లేదు. ఒకే దారి ఉండే ఎయిర్‌బస్, బోయింగ్ విమానాల్లో టాయిలెట్ మామూలు మనిషికే ఇరుకు, అక్కడ ట్రాన్స్‌ఫర్ కుదరదు. రెండు దారులుండే పెద్ద విమానాల్లో అమెరికా చట్టం కింద వచ్చే కొత్త తరం వాటిలో వీల్‌చైర్ మనిషికి వీలైన టాయిలెట్ ఒకటైనా ఉండాలి. అందుకే ఐదారు గంటలు దాటిన ప్రయాణానికి విమానం రకం చూడకుండా టికెట్ కొనను. ఒక్కటి మాత్రం చేయొద్దు, బాత్‌రూమ్ భయంతో ముందురోజు నుంచి నీళ్లు మానేయడం. మా తమ్ముడు ఒకసారి అలా చేసి యూరిన్ ఇన్ఫెక్షన్‌తో వారం రోజులు జ్వరంలో ఉన్నాడు.

గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లేవాళ్లకు రెండు మాటలు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మలు చాలామంది ఉన్నారు. రేటు తక్కువని ఇంకో దేశంలో మారే టికెట్ తీస్తారు. మోకాళ్లు నొప్పి ఉన్న మనిషికి అర్ధరాత్రి తెలియని ఎయిర్‌పోర్టులో మూడు గంటలంటే టెన్షన్‌తోనే సగం ప్రాణం పోతుంది. హైదరాబాద్ నుంచి నేరుగా ఉన్నదే తీయండి. మారక తప్పదంటే రెండు విమానాలకూ కోడ్ పడిందా చూసుకోండి, ఒకదానికి వేసి రెండోది మరిచిపోవడం మామూలే.

యూరప్ మీదుగా వెళ్తే సాయం చేసే బాధ్యత అక్కడ ఎయిర్‌పోర్టుది, ఎయిర్‌లైన్‌ది కాదు. 2006 నాటి 1107 నిబంధన అది. నడకకు వాడే పరికరాలు రెండు ఉచితంగా తీసుకెళ్లొచ్చు. బ్రిటన్‌లో కూడా అదే పద్ధతి. అమెరికాలో బాధ్యత ఎయిర్‌లైన్‌ది. అక్కడికి వచ్చే పోయే విదేశీ విమానాలకు కూడా వాళ్ల చట్టం వర్తిస్తుంది. ఏదైనా తేడా వస్తే "సీఆర్ఓను పిలవండి" అనాలి. వైకల్యం ఫిర్యాదులు తేల్చే అధికారిని ప్రతి ఎయిర్‌లైన్ అక్కడ అందుబాటులో ఉంచాలి. ఇంగ్లిష్ రాని అమ్మకు కూడా ఈ మూడక్షరాలు కాగితం మీద రాసి పర్సులో పెట్టి పంపొచ్చు.

సెక్యూరిటీ దగ్గర కుర్చీని, కాలిపర్‌ను గుడ్డముక్కలాంటి దాంతో తుడిచి యంత్రంలో పెట్టి చూస్తారు, అది మామూలే. కృత్రిమ కాలు ప్రతిసారీ విప్పమనడం సరికాదు. 2021లో నర్తకి సుధా చంద్రన్ ఈ అవమానం గురించి వీడియోలో చెప్పినప్పుడు ఎయిర్‌పోర్టు భద్రత చూసే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. తప్పదంటే విడి గదిలో చూడమని అడగండి. ఆడవాళ్లను ఆడవాళ్లే చూడాలి.

చూపు లేనివాళ్లను కూడా తీసుకెళ్లి వీల్‌చైర్‌లో కూర్చోబెట్టడం సిబ్బందికి అలవాటు. కాళ్లు బాగున్న మనిషి అది ఒప్పుకోవాల్సిన పనిలేదు, "మీ మోచెయ్యి ఇవ్వండి, నడుస్తాను" అనొచ్చు. వినపడనివాళ్లు గేటు మారితే రాసి చూపించమని ముందే చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లలకు వేరే కోడ్ ఉంది, డీపీఎన్ఏ. అది వేయిస్తే ముందుగా ఎక్కించమనో, అందరూ ఎక్కాక చివర్లో వస్తామనో అడగడం తేలికవుతుంది. మా పక్కింటి బాబుకు చివర్లో ఎక్కడమే నయమని వాళ్లమ్మ చెప్పింది, కదలని విమానంలో కూర్చోవడం వాడికి కష్టం.

తోసిన మనిషికి డబ్బులు ఇవ్వాలా అని అడుగుతారు. ఇవ్వక్కర్లేదు, అది ఉచిత సేవ. చేయి చాచి అడిగితే పేరు రాసుకోండి. ఫిర్యాదు ముందు ఎయిర్‌లైన్ నోడల్ ఆఫీసర్‌కు, జవాబు రాకపోతే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ యాప్‌లో పెట్టొచ్చు. ఫోటో, పీఐఆర్ నంబరు, మెయిల్ ఉంటే ఫిర్యాదుకు బలం ఉంటుంది.

ఇప్పుడు నా ఎంపిక చెప్తాను. కొద్దిగా నడవగలిగినవాళ్లు, మెట్లు మెల్లగా ఎక్కగలిగినవాళ్లు, ఓర్వకల్లు, కడపల నుంచి నేరుగా విమానం ఉన్న ఊరికి వెళ్తుంటే ఇంకో ఆలోచన వద్దు, అక్కడే ఎక్కండి. అసలు నడవలేనివాళ్లు మామూలు మడత కుర్చీతో అయితే ర్యాంపు సంగతి ఫోన్‌లో తేల్చుకుని అక్కడే ఎక్కొచ్చు, వెనుక వరస అడగండి. బ్యాటరీ కుర్చీ అయితే శంషాబాద్ లేదా బెంగళూరు. ఢిల్లీ, ముంబైలాంటి ఊళ్లకు ఓర్వకల్లు నుంచి బెంగళూరులో మారి వెళ్లే టికెట్ కన్నా, ముందురోజు సాయంత్రం కారులో వెళ్లి శంషాబాద్ దగ్గర పడుకుని పొద్దున నేరుగా ఎగరడం మేలు. గదికి ఖర్చవుతుంది. కారెక్కడం, దిగడం రెండు పెరుగుతాయి కానీ విమానం మారే నాలుగు తగ్గుతాయి, పైగా ఆ రెండూ మన చేతులతో, నిదానంగా చేసుకునేవి. అర్ధరాత్రి కారు ప్రయాణం చేసి తెల్లవారుజామున విమానం ఎక్కించకండి, పుండ్లు వచ్చేది అప్పుడే.

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో మా పిన్నమ్మ కూతురి పెళ్లికి వైజాగ్ వెళ్లాం, ఓర్వకల్లు నుంచే. మూడు రోజుల ముందు ఫోన్, మెయిల్‌లో డబ్ల్యూసీహెచ్‌సీ, చివరి వరస, కుర్చీ తలుపు దగ్గర. దిగినప్పుడు కుర్చీ మా కన్నా ముందే నేల మీద ఎదురుచూస్తోంది, ఫుట్‌రెస్టులు లేకపోవడం చూసి ఒక లోడింగ్ కుర్రాడు కంగారుగా కింద వెతుకుతున్నాడు. తమ్ముడు పైనుంచి నవ్వి, నా చేతిలోని గుడ్డ సంచి చూపించాడు. ఆ కుర్రాడే వచ్చి రెండూ బిగించి, బ్రేకు వేసి, "ఇప్పుడు కూర్చోండన్నా" అన్నాడు. రాత్రి విడిదింట్లో చర్మం అంతా చూశాను. ఎక్కడా మచ్చ లేదు. ఎత్తుళ్లు ఎనిమిదే.